కాగితం మీద మిగిలిన వెలుగు: టోక్యో తోటల చెక్క అచ్చు చిత్రాలు

జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో వెలుతురు కోసమని వేరే రంగు ఉండదు. చందమామ, నేల మీది మంచు, దీపం చుట్టూ పరుచుకున్న కాంతి, రాత్రి తోటలో తెల్లగా మెరిసే పువ్వు, ఇవన్నీ చాలామటుకు రంగు తగలని కాగితమే. చుట్టూ పరిచిన రంగు వాటిని వెలిగిస్తుంది. 18వ శతాబ్దం నడుమ నుంచి 20వ శతాబ్దం నడుమ దాకా ఎడో నగరపు తోటలు, ఆ ఎడో టోక్యోగా మారాక అక్కడి పార్కులు ఈ బొమ్మల్లోకి వస్తూనే ఉన్నాయి. ఆ రెండు వందల ఏళ్లలో కళాకారులు నేర్చుకున్నది వెలుతురును గీయడం కాదు, చీకటిని అచ్చు వేయడం.

ఈ బొమ్మ ఒక్కరి చేతి పని కాదు. డబ్బు పెట్టే ప్రచురణకర్త, బొమ్మ గీసే చిత్రకారుడు, చెక్క చెక్కే పనివాడు, అచ్చు వేసే పనివాడు, నలుగురూ కలిస్తేనే బొమ్మ పుడుతుంది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిన గీతల్ని చెర్రీ చెక్క దిమ్మ మీద బోర్లా అంటిస్తారు. గీతలను మాత్రం ఉంచి మిగతా చెక్కను తొలిచేస్తారు. అది గీతల దిమ్మ. ఆపైన రంగుకొక దిమ్మ చొప్పున చెక్కుతారు. రంగులన్నీ చోటు తప్పకుండా పడడానికి ప్రతి దిమ్మకూ ఒక మూలన, ఒక అంచున చిన్న గుర్తులు పెడతారు. కాగితపు మూలను ఆ గుర్తులకు ఆనించి పరిస్తే ఎన్నిసార్లు అచ్చు వేసినా గీత మీద గీత కూర్చుంటుంది. కాగితం కోజో అనే మల్బరీ జాతి చెట్టు బెరడు నుంచి వస్తుంది. దానికి జిగురు, పటిక కలిపిన నీరు పూసి, అచ్చుకు ముందు కాస్త తడిపి ఉంచుతారు.

మన పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి చెక్క అచ్చు కొత్త కాదు. అయితే పెడనలో రంగు అద్దిన దిమ్మను పైనుంచి బట్ట మీద ఒత్తుతారు. జపాన్‌లో పద్ధతి తిరగబడుతుంది. దిమ్మ కింద ఉంటుంది, ముఖం పైకి. దాని మీద నీటిరంగు, బియ్యపు గంజి కలిపి బ్రష్షుతో పూసి, పైన కాగితం పరిచి, కాగితం వీపు మీద బరెన్ అనే వెదురు పొరలు చుట్టిన బిళ్లతో రుద్దుతారు. రంగు కాగితపు పీచులోకి ఇంకుతుంది. పైన పొరగా నిలవదు. ఈ బొమ్మల్లో వెలుతురుకు ఉన్న మెత్తదనమంతా అక్కడి నుంచే వస్తుంది.

వెలుతురుకు సంబంధించినంతవరకు అసలు పనితనం బొకాషి అనే పద్ధతిలో ఉంది. దిమ్మ మీద ఒక పక్క రంగు, మరో పక్క నీళ్లు ఉండేలా తడి బ్రష్షుతో లాగుతారు. అప్పుడు రంగు ముదురు నుంచి లేతకు, లేత నుంచి ఏమీ లేనితనానికి జారుతుంది. ఆకాశం పైఅంచున అడ్డపట్టీలా కనిపించే నీలం అలా వచ్చిందే. చంద్రుడి చుట్టూ గుడి కట్టిన కాంతి, దీపం చుట్టూ మసక వలయం మరింత కష్టం. వాటికి దిమ్మ మీద గీత గానీ హద్దు గానీ చెక్కి ఉండదు. అచ్చువాడు ప్రతి కాగితానికీ కొత్తగా, కంటి అంచనాతో తుడవాలి. అందుకే ఒకే బొమ్మ ప్రతులు రెండు పక్కపక్కన పెడితే ఒకదానిలో సాయంత్రం ముదిరి ఉంటుంది, మరొకదానిలో ఇంకా వెలుగు ఉంటుంది. గిరాకీ పెరిగి అచ్చులు హడావిడిగా వేసినప్పుడు మొదట మానేసేది ఈ తుడుపునే. అలాంటి ప్రతుల్లో ఆకాశం గోడకు వేసిన సున్నంలా చదునుగా ఉంటుంది. చిత్రకారుడి పేరుకు వచ్చిన కీర్తిలో సగం వాటా పేరు లేని అచ్చువాడిదని చెప్పడం అతిశయోక్తి కాదు.

పూర్తి రంగుల అచ్చులు 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు చేతిలో స్థిరపడ్డాయి. ఆయన బొమ్మల్లో రాత్రి తోటది ఒకటి ప్రసిద్ధం. వసారా మీద నిలబడ్డ ఒక యువతి చేతిదీపం పైకెత్తి ప్లమ్ కొమ్మను చూస్తుంటుంది. వెనక ఆకాశమంతా కారునలుపు. పువ్వులు కాగితపు తెలుపు. అంత పెద్ద జాగాలో సిరా నలుపు మరకలు లేకుండా సమంగా పడడమే ఆ రోజుల్లో ఒక ఘనత. వింత ఏమిటంటే, ఆ దీపం దేన్నీ వెలిగించదు. యువతి ముఖం ఒక పక్క వెలిగి మరో పక్క నీడలో ఉండదు. కొమ్మ నీడ ఎక్కడా పడదు. దీపం ఉంది కాబట్టి వెలుతురు ఉందని చూసేవాళ్లే అనుకోవాలి. ఎడో కాలపు చిత్రకారులకు చాలాకాలం అది లోపంగా తోచనే లేదు. వాళ్లకు వెలుతురంటే వేళ, ఋతువు. ఏ వస్తువు మీద ఎటు నుంచి పడిందన్న లెక్క కాదు.

ఆ వేళను, ఋతువును పట్టుకోవడంలో ఉతగావా హిరోషిగేను మించినవాడు లేడు. ఆయన 1797లో పుట్టి 1858లో చనిపోయాడు. చివరి ఏళ్లలో, 1856 నుంచి, ‘ఎడో ప్రసిద్ధ దృశ్యాలు వంద’ అనే వరుస గీశాడు. పేరుకు వందే గాని బొమ్మలు అంతకు మించే ఉన్నాయి. అప్పటికి యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అనే నీలం చవకై అందరికీ అందింది. పాత మొక్కల నీలంలా అది వెలిసిపోదు, నీళ్లలో చక్కగా పలచబడుతుంది. హిరోషిగే సాయంత్రాలు ఆ నీలం చలవే.

ఆ వరుసలో తోటలు చాలా ఉన్నాయి. హోరికిరిలో ఐరిస్ పూలతోట, కమెయిదో తెన్‌జిన్ ఆలయంలో కొలను మీదికి వేలాడే విస్టేరియా పందిరి, ఉవేనో కొండ మీద చెర్రీ పూల నడుమ కియోమిజు మందిరం. అప్పటికి ప్రభుత్వ పార్కులు లేవు. ఆలయాల ఆవరణలు, పూలతోటలు పెంచేవారి జాగాలు జనం షికారుకు వెళ్లే చోట్లు. 1857లో వేసిన కమెయిదో ప్లమ్ తోట వీటన్నిటిలో లోకప్రసిద్ధం. నేల మీద పాకినట్టు పెరిగి పడుకున్న డ్రాగన్ అని పేరు తెచ్చుకున్న చెట్టు కొమ్మ బొమ్మ ముందుభాగాన్నంతా అడ్డంగా ఆక్రమిస్తుంది. ఆ కొమ్మల సందుల్లోంచి దూరాన కంచె, పూలు చూడవచ్చిన చిన్న చిన్న మనుషులు కనిపిస్తారు. నేల పచ్చన, ఆకాశం పైన ఎరుపు, మధ్యలో ఆ ఎరుపు కరిగి తెల్లబడుతుంది. పొద్దు పొడుస్తోందా, కుంకుతోందా? తేల్చి చెప్పడానికి ఒక్క నీడ కూడా లేదు. 1887లో విన్సెంట్ వాన్ గో ఈ బొమ్మను నూనెరంగుల్లో నకలు చేశాడు. నకలులో రంగులు మండిపోతాయి గాని, అచ్చులోని ఆ జారుడు రాలేదు. నూనెరంగుకు కాగితంలోకి ఇంకడం చేతకాదు. అసలు తోట 1910 వరదల్లో చెట్లు చచ్చిపోయి మూతపడింది.

హిరోషిగేకు నీడలు తెలియవని మాత్రం అనకూడదు. అదే వరుసలో నాటకశాలల వీధి సారువాకా-మాచిని పున్నమి రాత్రి చూపించినప్పుడు, నడిచే ప్రతి మనిషి కాళ్ల దగ్గర నేల మీద నీడ పెట్టాడు. అది ఆయన సరదాగా చేసిన ప్రయోగం కావచ్చు. తోటల బొమ్మల్లోకి మాత్రం ఆ నీడను రానివ్వలేదు.

ఇక్కడ కథ మలుపు తిరగడానికి కారణం కళ కాదు, యుద్ధం. ఉవేనో కొండ 1625లో స్థాపించిన కాన్యే-జి అనే బౌద్ధ ఆలయానిది. ఎడో నుంచి దేశాన్ని ఏలిన తొకుగావా షోగున్ల వంశానికి అది దేవళం, శ్మశానం కూడా. 1868 జూలై 4న షోగున్ పక్షాన మిగిలిన యోధులకు, చక్రవర్తి సైన్యానికి అక్కడ పోరు జరిగింది. ఒక్క రోజులో ఆలయంలో అధికభాగం కాలిపోయింది. కియోమిజు మందిరం లాంటివి కొన్ని మిగిలాయి. ఆ కొండ మీద వైద్యశాల కట్టాలని కొత్త ప్రభుత్వం అనుకుంది. బౌడుయిన్ అనే డచ్చి వైద్యుడు దాన్ని పార్కుగా ఉంచమని సలహా ఇచ్చాడు. 1873లో ప్రభుత్వం ఉవేనో, షిబా, అసాకుసా, ఫుకగావా, అసుకయామాలను ప్రజల పార్కులుగా ప్రకటించింది. అవి అప్పటిదాకా జనం పూలు చూడడానికి వెళ్తున్న చోట్లే. కొత్తగా వచ్చింది పార్కు అన్న హోదా, దానితోపాటు కొంతకాలానికి దీపస్తంభాలు. యొకొహామాలో 1872లోనూ, టోక్యోలోని గింజాలో 1874లోనూ గ్యాస్ దీపాలు వెలిగాయి. రాత్రికి రూపం మారింది.

ఆ మార్పును పట్టుకున్నవాడు కొబయాషి కియోచికా. 1847లో ఎడోలో పుట్టాడు. తండ్రి షోగున్ ధాన్యాగారాల దగ్గర చిన్న ఉద్యోగి. కియోచికా షోగున్ పక్షాన ఉండి, ఓడిపోయిన ప్రభువు వెంట షిజువోకాకు వెళ్లి, 1874లో తిరిగి వచ్చాడు. పుట్టి పెరిగిన ఊరు పేరు మారిపోయింది. టెలిగ్రాఫ్ తీగలు, ఇటుక భవనాలు, రైలు బండి వచ్చాయి. 1876లో మొదలుపెట్టి 1881 దాకా ఆయన టోక్యో దృశ్యాలు 93 గీశాడు. వీటిని కోసెన్‌గా అన్నారు, కాంతి కిరణాల చిత్రాలని అర్థం. ఆంగ్లేయ చిత్రకారుడు చార్లెస్ వర్గ్‌మన్ దగ్గర నేర్చుకున్నాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఎక్కడ నేర్చినా, ఫోటోలు, లితోగ్రాఫులు, రాగిరేకు అచ్చులు ఆయన శ్రద్ధగా చూశాడన్నది బొమ్మలే చెబుతాయి.

కియోచికా చేసిన పని చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. వస్తువు చుట్టూ నల్లని గీత గీసి లోపల రంగు నింపడం వందేళ్ల అలవాటు. ఆయన ఆ గీతను చాలాచోట్ల తీసేశాడు. మనిషి ఇక గీతల మధ్య బొమ్మ కాదు. వెలుతురుకు అడ్డం వచ్చిన నల్లని ఆకారం. చెట్టూ అంతే, గుడి కప్పూ అంతే. 1881 నాటి ‘ఇకెనొహతా బాణసంచా’ చూస్తే ఇది బోధపడుతుంది. ఇకెనొహతా అంటే ఉవేనో కొండ కింద షినొబాజు కొలను గట్టు. గట్టు మీద జనం మనకు వీపు చూపిస్తూ చీకటి ముద్దగా నిలబడి ఉంటారు. అవతల నీళ్ల మీద బాణసంచా. పాత కాలపు బొమ్మ అయితే ఆడవాళ్ల కిమోనోల మీద పువ్వులు లెక్కపెట్టవచ్చు. ఇక్కడ ముఖాలే కనిపించవు. చూసేవాడు ఆ గుంపులో వెనక వరుసలో నిలబడినవాడైపోతాడు. హరునోబు దీపం చేయలేని పనిని కియోచికా బాణసంచా చేస్తుంది. అది మనుషుల్ని నీడలుగా మారుస్తుంది.

ఉవేనో పార్కు ఆయనకు పదే పదే పనికొచ్చింది. 1879లో మంచు కప్పిన తోషోగూ ఆలయాన్ని వేశాడు. ప్రభుత్వం 1877లోనూ 1881లోనూ అక్కడ పరిశ్రమల ప్రదర్శనలు పెట్టింది. రెండో దానికి ఎనిమిది లక్షల మందికి పైగా వచ్చారు. ఆ రెండో ప్రదర్శనలో ఆంగ్లేయ వాస్తుశిల్పి జొసయా కాండర్ రూపకల్పన చేసిన ఇటుక భవనం, దాని ముందు ఫౌంటెన్ కియోచికా బొమ్మలో ఉన్నాయి. ఎగజిమ్మే నీటిని చెక్క అచ్చులో చూపడం ఎంత చిక్కో ఆలోచించాలి. నీటికి రంగు లేదు, గీత లేదు. వెనకాల భవనం ఎర్రగా ఉంటేనే నీరు తెల్లగా కనబడుతుంది. ఓడిపోయిన షోగున్ సేవకుడు, తన ప్రభువుల గుడి కాలిన చోటే, గెలిచినవాళ్ల ప్రదర్శనను గీశాడు. ఆ బొమ్మల్లో కోపం లేదు, వేడుక కూడా లేదు. ఆయన టోక్యో అంతా కాస్త మబ్బుగా, దూరంగా ఉంటుంది. ఆ దూరం సాంకేతికం ఒక్కటే కాదనిపిస్తుంది.

1881 జనవరిలో పెద్ద అగ్నిప్రమాదం ర్యోగొకు ప్రాంతాన్ని బుగ్గి చేసింది. కియోచికా మంటల్ని గీసుకుంటూ తిరిగాడు. ఈలోగా ఆయన ఇల్లే కాలిపోయింది. మంటల బొమ్మలు బాగా అమ్ముడుపోయాయి. ఆ ఏడాదితో ఆయన కాంతి చిత్రాలు ఆగిపోయాయి. తర్వాత వ్యంగ్య చిత్రాలు, 1894-95 చైనా యుద్ధపు బొమ్మలు వేసి బతికాడు. శిష్యుడు ఇనోవే యసుజి అదే తీరులో టోక్యోను గీస్తూ 1889లో పాతికేళ్లకే చనిపోయాడు. ఒగురా ర్యూసోన్ 1880 ప్రాంతంలో వేసిన యుషిమా వెన్నెల దృశ్యం లాంటివి కొన్ని మిగిలాయి. ఫోటోలు, లితోగ్రాఫులు చవకయ్యాక చెక్క అచ్చు కొన ఊపిరికి వచ్చింది.

దాన్ని మళ్లీ నిలబెట్టింది వతనబే షోజబురో అనే ప్రచురణకర్త. 1910ల నుంచి ఆయన పాత నలుగురు మనుషుల పద్ధతినే పట్టుకుని కొత్త చిత్రకారులను పిలిచాడు. వాళ్లలో కవాసే హసుయి ముఖ్యుడు. హసుయి 1920లో ఫుకగావాలో మిత్సుబిషి అధిపతులైన ఇవాసాకి కుటుంబపు తోటను వరుస బొమ్మలుగా వేశాడు. కొలను, రాళ్లు, మంచు, వెన్నెల, అన్నీ అందులో ఉన్నాయి. 1923 సెప్టెంబర్ 1న భూకంపం వచ్చింది. హసుయి స్కెచ్ పుస్తకాలు, వతనబే దుకాణంలోని దిమ్మలు కాలిపోయాయి. అదే తోటలోకి పరిగెత్తి వేలమంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడు ఇవాసాకి కుటుంబం తోటలో సగం నగరానికి ఇచ్చేసింది. 1932 నుంచి అది కియోసుమి తోటగా ప్రజలకు తెరిచి ఉంది.

భూకంపం తర్వాత హసుయి ‘టోక్యో ఇరవై దృశ్యాలు’ మొదలుపెట్టాడు. అందులో 1925 నాటి షిబా జోజో-జి ఆయన బొమ్మల్లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయినవాటిలో ఒకటి. ఎర్రని గుడి, మంచు, గొడుగు చాటున వంగి నడిచే స్త్రీ. సూర్యుడు లేడు, దీపం లేదు. ఉన్న వెలుతురంతా నేల మీది మంచుదే, అంటే కాగితానిదే. 1931 నాటి ‘ఇనొకషిరాలో వసంత రాత్రి’ ఇంకా సాహసం. 1917లో తెరిచిన ఇనొకషిరా పార్కు కొలను, పూసిన చెర్రీలు, నక్షత్రాలు. దాదాపు బొమ్మంతా నీలమే. ఒక నీలం మీద మరో నీలం, దాని మీద ఇంకోటి వేసి అచ్చువాడు చీకటిలో లోతు తెచ్చాడు. కొందరు విమర్శకులకు హసుయి తీపి ఎక్కువ. ఆ మాటలో నిజం లేకపోలేదు గాని, ఈ రాత్రి ముందు అది నిలవదు.

షినొబాజు కొలనును 1932లో కసమత్సు షిరో పొగమంచు సాయంత్రంగా వేశాడు. యాభై ఏళ్ల కిందట కియోచికా బాణసంచా వెలిగించిన గట్టే అది. ఈ రెంటికీ మధ్య వంతెన లాంటివాడు త్సుచియా కొయిత్సు. కుర్రతనంలో కియోచికా ఇంట్లోనే ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకుని, అరవై దాటాక 1930లలో దీపాల వెలుగు, వెన్నెల, వాన నిండిన టోక్యోను అచ్చు వేయించాడు.

యొషిదా హిరోషి దారి వేరు. ప్రచురణకర్త మాట వినడం ఇష్టం లేక సొంతంగా చెక్కేవారిని, అచ్చువారిని పెట్టుకుని పక్కన నిలబడి చేయించాడు. 1937లో నిక్కో ఆలయ ద్వారం బొమ్మకు 96 సార్లు అచ్చు వేశాడు. ఒకే దిమ్మల కట్టను రంగులు మార్చి ఉదయంగానూ రాత్రిగానూ వేయడం ఆయన ప్రత్యేకత. వేళ మార్చడానికి గీత మార్చనక్కరలేదని అంత నిక్కచ్చిగా రుజువు చేసినవాడు మరొకడు లేడు. 1930-31లో కొడుకు తొషితో కలిసి భారతదేశం తిరిగి, తాజ్‌మహల్ తోటను ఉదయపు మంచులోనూ రాత్రి చీకటిలోనూ ఇలాగే వేశాడు. అప్పటి నిజాం రాజ్యంలో ఉన్న అజంతా, ఎల్లోరాలు కూడా ఆ వరుసలో ఉన్నాయి.

అదే కాలంలో తామే గీసి, తామే చెక్కి, తామే అచ్చు వేసుకోవాలన్న కళాకారులు మరో గుంపు. వాళ్లలో ఒంచి కోషిరో తదితర ఎనిమిది మంది 1928 నుంచి 1932 దాకా ‘కొత్త టోక్యో దృశ్యాలు వంద’ తెచ్చారు. పార్కులు అందులోనూ ఉన్నాయి. వాళ్లకు బొకాషి మీద మోజు లేదు. మొరటు రంగు పలకలతో, కత్తి గీతలతో సరిపెట్టుకున్నారు. వెలుతురు వాళ్ల ప్రధాన వస్తువు కాదు.

ఇప్పుడు ఈ బొమ్మలు చాలా దేశాల మ్యూజియంలలో ఉన్నాయి. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆసియా కళల మ్యూజియంలో కియోచికా, హసుయి ప్రతులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అవి గోడ మీద ఎప్పుడూ వేలాడుతూ కనిపించవు. కుసుమపువ్వు రంగు లాంటి మొక్కల రంగులు, 1868 తర్వాతి మీజీ కాలంలో దిగుమతి అయిన కొన్ని రసాయనిక రంగులు కాంతికి తట్టుకోలేవు. కాగితమూ పసుపెక్కుతుంది. అందుకే మ్యూజియంలు వీటిని సాధారణంగా 50 లక్స్ మించని మసక వెలుతురులో కొన్ని వారాలు మాత్రమే చూపించి, ఆ తర్వాత చీకటి పెట్టెల్లో ఏళ్ల తరబడి దాచి ఉంచుతాయి.